రంగస్థల కవచములు – టేపు బంక

కూచిపూడి భాగవతులు ఊరూర భామాకలాపమాడిన దినములలో కిరీటమును, భుజకీర్తులను తేలికయైన కఱ్ఱతో చెక్కి, మీద బంగారు రేకు అతికి, అద్దపు బిళ్ళలు పొదుగుచుండెడివారు. వానిని ఒంటికి నిలిపినవి నాడాలు, త్రాళ్ళు. నగ తయారగునపుడు జిగురు కావలెను గాని, నగను ఒంటిమీద నిలుపుటకు వారు జిగురును నమ్ముకొనలేదు. ఈ చిన్న సంగతి గుర్తుంచుకొన్నచో మేము చెప్పబోవు మాటలలో సగము తెలిసినట్లే.

నేడు బందరులోను, గుడివాడలోను, దివిసీమ పల్లెలలోను తిరునాళ్ళకు తిరుపతి వేంకటకవుల పాండవ నాటకములాడు సమాజముల వారికి, పాఠశాల వార్షికోత్సవమున అర్జునుడో ఆంజనేయుడో కాబోవు బాలునకు, ప్లాస్టికు కవచమే సులభముగా చేతికందుచున్నది. ధర తక్కువ, బరువు తక్కువ, చెమటకు చిలుమెక్కదు. చిలకలపూడి గిల్టు నగల సొగసు వేరని మేమును ఒప్పుకొందుము. కాని లోహపు కవచము తొడుగుకొని రాయబారపు పద్యములన్నియు పాడి నిలువగలవారెందరు?

చిక్కు వచ్చునది తెర యెత్తుటకు అయిదు నిమిషముల ముందు. కవచము వదులగును, కిరీటపు కొన విఱుగును, గదకు చుట్టిన జరీ పట్టెడ ఊడును. దగ్గరనున్న టేపు చుట్టి, ఈ రాత్రికి గడచిన చాలునందురు. తెల్లవారి టేపును లాగివేయగా పై పొర వచ్చును, బంక మిగులును. దానిమీద దుమ్ము, ముఖమునకు వేసిన పొడి, విగ్గు వెండ్రుకలు చేరి నల్లని చారిక యగును. అద్దెకు తెచ్చిన సామానైనచో దుకాణదారు ఆ చారికను చూపి బయానాలో కోత పెట్టును. అతని పక్షమునను న్యాయమున్నది. మరకగల కవచమును మఱియొకరు తీసికొనరు గదా. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. మెడకును, చంకలకును ఆనుచోట మిగిలిన బంక పసివాని చర్మమును పట్టి లాగి, ఒరిపిడి పుండ్లు కలిగింపవచ్చును.

మామూలు జిగురు ఆరి గట్టిపడును. టేపు జిగురు ఎన్నటికిని ఆరకుండునట్లే తయారైనది. 1930లో అమెరికాలో రిచర్డ్ డ్రూ పారదర్శకమైన టేపును వెలువరించెను. ఇట్టి టేపులలో పలువానికి రబ్బరు వంటి సాగుడు పదార్థమునకు గుగ్గిలము వంటి జిగట పదార్థమును కలిపి పూయుదురు. నీరు దానిని కరగింపదు, నూనె మెత్తపఱచును. వేడికి అది పలుచనై ప్లాస్టికుమీది గీతలలోనికి దిగును. అందుచేత నిన్నటి బంక సులభముగా వచ్చును. వేసవియంతయు రేకుల కప్పు క్రింద పెట్టెలో మ్రగ్గిన బంక మొండికెత్తును.

చేయి పెట్టుటకు ముందు ప్లాస్టికు జాతిని తెలిసికొనవలెను. విఱిగిన చిన్న ముక్కను చెంబెడు నీటిలో వేసి, అంటిన బుడగలు పోవునట్లు వ్రేలితో ముంచి వదలవలెను. తేలినచో అది చాలవఱకు పాలిథిలీనో, పాలీప్రొపిలీనో అయియుండును. ఇవి ఓర్పుగల జాతులు. మునిగినచో పాలీస్టిరీను, ఏ.బి.ఎస్., పి.వి.సి. వంటిది కావచ్చును. స్పాంజివంటి మెత్తని అట్టకు ఈ పరీక్ష పనికిరాదు. మునుగు జాతిమీద గోళ్ళరంగు తుడుచు ద్రవము గాని, థిన్నరు గాని, పెట్రోలు గాని తగులరాదు. ఎసిటోను పాలీస్టిరీనును, ఏ.బి.ఎస్.ను కరగించివేయును, బంకతోపాటు కవచముకూడ గుడ్డకు వచ్చును! నీలగిరి తైలము సాధువని తలచువారు కలరు. పాలీస్టిరీనుకు అదియు హానియే.

ఇక పని. మొదట అదే టేపు ముక్కను బంకపై అద్ది చటుక్కున ఎత్తవలెను. క్రొత్త బంక కొంత దానివెంటనే పోవును. మిగిలినదానిని బొటనవ్రేలితో దొర్లించినచో ఉండలై రాలును. అప్పటికిని పోనిచో కొబ్బరినూనెలో దూదిని తడిపి మరకమీద మాత్రమే అద్ది, పది నిమిషములు ఆగి, పాత నూలుగుడ్డతో గుండ్రముగా రుద్దవలెను. గోకవలసివచ్చినచో కత్తి వలదు; పాతబడిన ప్లాస్టికు కార్డు అంచు చాలును. పిమ్మట గోరువెచ్చని సబ్బునీటితో కడిగి నీడన ఆరబెట్టవలెను. సలసల కాగు నీరు పోయరాదు, పి.వి.సి. 80 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గఱనే మెత్తబడి రూపు చెడును. నూనెను రాత్రియంతయు ఉంచుట కూడ మంచిది కాదు. వంపులవద్ద, రంధ్రములవద్ద కొన్ని ప్లాస్టికులు పగులును. కడుగక వదలినచో ఆ నూనెయే మరల దుమ్మును పిలుచును.

నూనెకు లొంగని పలుచని మసకకు ఆసుపత్రులలో వాడు స్పిరిటును నాలుగు చుక్కలు గుడ్డపై వేసి, ముందు లోపలివైపున పరీక్షించి, తుడువవలెను. బంగారు పూత, వెండి రంగు ఉన్నచోట స్పిరిటు తగిలిన పూతయే పోవచ్చును. అచ్చట నూనెతో ఆగుటయే వివేకము. స్పిరిటు నిప్పునకు చుట్టము. హారతి కర్పూరము, సిగరెట్టు దరి చేరని చోట, గాలి ఆడునట్లు తలుపులు తీసి చేయవలెను. పూర్తిగా ఆరనిదే ఎవరికిని తొడుగరాదు. ఒంటికంటిన బంకకు స్పిరిటు జోలికి పోక, నూనె రాసి కడిగిన చాలును.

వడ్రంగులు వాడు తెల్ల జిగురు మరకయైనచో తడిగుడ్డ కప్పి నాననిచ్చినచో మెత్తబడును. క్షణములో అంటుకొను జిగురు మాత్రము ప్లాస్టికుతో ఏకమగును. దానితో పోరాడుటకంటె పైన రంగు వేయుట మేలు. టేపు ఎన్నడును తగులని మెత్తని పి.వి.సి. కవచము ఒళ్ళంతయు జిగటయైనచో అది బంక కాదు. ప్లాస్టికును మెత్తగా నుంచు నూనెవంటి పదార్థము పైకి ఊరుచున్నదన్నమాట. సబ్బుతో కడిగినను కొన్నాళ్ళకు మరల వచ్చును. అట్టి దానిని బిడ్డలకు తొడుగుట మాకు సమ్మతము కాదు.

కవచపు అంచులకు ముందుగనే రంధ్రములు చేసి నాడాలు దూర్చి యుంచినచో తెరచాటున టేపునకై వెదకనక్కరలేదు. తప్పక టేపు చుట్టవలసినచో ముందొక గుడ్డ పేలిక చుట్టి, దానిమీద టేపు వేయవలెను. పెట్టెలో సర్దునపుడు ఒక్కొక్క దానికి నడుమ పాత పంచె ముక్క పఱచవలెను; వార్తాపత్రిక వలదు, దాని సిరా ప్లాస్టికున కంటుకొనును.