తిరుగబెట్టు తెల్లబట్ట
(మహిళా సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



తెలుగు ఇండ్లలో బిగ్గరగా పలుకని వ్యాధులు కొన్ని కలవు. వానిలో తెల్లబట్ట యొకటి. తల్లి కూతునకు చెవిలో చెప్పును. కూతురు భర్తకు చీటీ వ్రాసి యిచ్చును. భర్త ఆ చీటీని మందుల దుకాణపు బల్లపై బోర్లించి పెట్టును. దుకాణదారు ఇచ్చిన మాత్రతో నాలుగు దినములు ఉపశమించును. మఱుసటి నెలలో మరల చీటీ. ఇట్లు ఏడాది గడచినను ఆ యిల్లాలికి గల వ్యాధి యేదో ఎవ్వరికిని తెలియదు.

చిక్కంతయు ఆ పేరులోనే యున్నది. తెల్లబట్ట యనునది ఒక వ్యాధి పేరు కాదు. ఆరోగ్యవతియైన స్త్రీకిని కొంత స్రావము సహజమే. విరిగిన పాల వలె తరకలు తరకలుగా స్రావమై, విపరీతమైన దురద, మంట కలిగినచో, అది కాండిడా యను శిలీంధ్రము వలన కావచ్చును. నీచు వాసన గలది సాధారణముగా సూక్ష్మక్రిముల తారుమారు వలన వచ్చునది. నురుగుతో కూడిన పసుపుపచ్చ స్రావము ట్రైకోమొనాస్ అను పరాన్నజీవిని సూచించును. మూడింటికిని మందులు వేఱు. పైగా లక్షణములు ఒకదానితో నొకటి కలసిపోవును. అమెరికాలో 2002లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, తమకు కాండిడా వ్యాధియే యని నిశ్చయించుకొని దుకాణమున మందు కొన్న 95 మంది స్త్రీలను పరీక్షింపగా, మూడవ వంతు మందికి మాత్రమే ఆ వ్యాధి యున్నట్లు తేలినది.

కాండిడా, కల్లును పొంగించు ఈస్టునకు దూరపు చుట్టము. అనేకుల శరీరములలో ఏ కీడును చేయక పడియుండును. మధుమేహము అదుపు తప్పినపుడు, ఆంటిబయోటిక్ మందులు వాడినపుడు, గర్భధారణ సమయమున, స్టిరాయిడ్లు తీసికొనునపుడు విజృంభించును. మూత్రము ద్వారా చక్కెరను వెడలించు గ్లిఫ్లోజిన్ జాతి మధుమేహపు మాత్రలును ఒక కారణమే. పెక్కుమందిలో ఏ కారణమును కనిపింపదు. ప్రతి నలుగురు స్త్రీలలో ముగ్గురికి జీవితమున ఒక్కసారియైనను వచ్చు ఈ వ్యాధిని సుఖరోగముగా నెంచరాదు. భర్తకు లక్షణములు లేనిచో సాధారణముగా చికిత్స యక్కరలేదు. ఈ సంగతి తెలియక ఒకరినొకరు అనుమానించుకొను దంపతులు కలరు గనుక ఇంత విప్పి చెప్పవలసివచ్చినది. ఏడాదిలో మూడు సారులు, అంతకు మించియు వచ్చిన దానిని తిరుగబెట్టు వ్యాధిగా వైద్యులు పరిగణింతురు.

దీనికి మంచి మందును కనుగొన్నవారు ఇరువురు స్త్రీలే. న్యూయార్కు నగరమున ఎలిజబెత్ హేజెన్, ఆల్బనీలో రేచల్ బ్రౌన్ మట్టి నమూనాలను, వానినుండి తీసిన పదార్థములను తపాలాలో ఒకరికొకరు పంపుకొనుచు పరిశోధించిరి. వర్జీనియాలోని ఒక పాడి క్షేత్రపు మట్టిలో దొరకిన సూక్ష్మజీవి నుండి వారు తీసిన ఔషధము 1950లో లోకమునకు వెల్లడియైనది. న్యూయార్కు రాష్ట్రము పేరు మీదుగా దానికి నిస్టాటిన్ అని పేరిడిరి. దానివలన వచ్చిన కోటి ముప్పది లక్షల డాలర్లకు పైబడిన ధనమును ఆ యిరువురును తాము తీసికొనక పరిశోధనలకే విడిచిరి.

తరువాత క్లోట్రిమజోల్, ఫ్లుకోనజోల్ వచ్చినవి. తిరుగబెట్టు వ్యాధికి ఫ్లుకోనజోల్ 150 మి.గ్రా. మాత్రను మూడు దినముల కొకటి చొప్పున మూడు మాత్రలు, పిదప వారమున కొకటి చొప్పున ఆరు నెలలు వైద్యులు ఇచ్చుచున్నారు. 2004లో ప్రకటితమైన పరీక్షలో 387 మంది స్త్రీలు పాల్గొనిరి. ఆరు నెలలు మాత్ర వాడినవారిలో నూటికి తొంబది మందికి ఆ కాలములో వ్యాధి తిరుగబెట్టలేదు. మందు మానిన ఆరు నెలలకు ఆ సంఖ్య నూటికి నలువది మూడునకు దిగెను. అనగా ఈ మందు వ్యాధిని అణచియుంచునే గాని, అందఱిలోను వేరు పెఱుకదు. దీనిని ముందుగా చెప్పని వైద్యునిపై రోగికి నమ్మకము సడలుట సహజము. గర్భిణులు ఈ మాత్రను మ్రింగరాదు. వారికి ఏడు దినముల పైపూత మందే తగినది. రక్తమును పలుచన చేయు వార్ఫరిన్ వాడువారు వైద్యునకు తప్పక చెప్పవలెను. గ్లాబ్రాటా యను జాతి ఫ్లుకోనజోలునకు సులభముగా లొంగదు. అందుచేతనే స్రావమును ప్రయోగశాలలో పెంచి చూడవలసివచ్చును.

అట్టి మొండి జాతికి బోరిక్ ఆమ్లము ఉపయోగించును. కేరమ్ బల్లపై చల్లు పొడి పేరు విన్నవారికి ఇది ఆశ్చర్యము గొల్పవచ్చును. కాని బల్లపై చల్లు పొడిని వాడరాదు. వైద్యుడు వ్రాసిన 600 మి.గ్రా. గొట్టమును యోనిలో నుంచుకొనుటయే పద్ధతి. మ్రింగినచో అది విషము. పిల్లలున్న యింటిలో తాళము వేసి యుంచవలెను. గర్భిణులకు పూర్తిగా నిషిద్ధము.

ఇక పెరుగు. పెరుగు తిన్న స్త్రీలకు వ్యాధి తగ్గెనని 1992లో ఒక చిన్న పరిశీలన తెలిపెను. కాని దానిలో చేరినవారు సగమునకు పైగా మధ్యలోనే మానిరి. 2004లో మెల్‌బోర్న్ నగరమున జరిగిన పరీక్షలో, ఆంటిబయోటిక్కుల తరువాత వచ్చు ఈ వ్యాధిని పెరుగులోని క్రిముల వంటివి ఆపలేకపోయినవి. కాండిడా పులుపులోను బ్రతుకగలదు మఱి. పెరుగన్నము తినవచ్చును, మందని నమ్మి చికిత్స మానరాదు. వెల్లుల్లి మాత్రలను అదే నగరమున పరీక్షింపగా 2014లో ఫలితము శూన్యమని తేలినది. పచ్చి వెల్లుల్లి రెబ్బను లోపల నుంచుకొనుట కాల్చుకొనుటయే. వేపాకు కషాయముతోను, క్రిమిసంహారక ద్రవములతోను లోపల కడుగుట హానికరము.

ఆయుర్వేదమును పరిహసింప బనిలేదు. చరక సంహిత చికిత్సాస్థానమున ఇరువది యోనివ్యాపత్తులు చెప్పబడినవి. కఫము వలన దురద, జిగట స్రావము కలుగుననియు అందు కలదు. ఇంత సూక్ష్మముగా విభజించిన శాస్త్రమును, అన్నింటికిని ఒకే అరిష్టము సీసా కొని త్రాగువారు గౌరవించినట్లా? రోగపరీక్ష ముందు, ఔషధము తరువాత అను క్రమము సూత్రస్థానములోనే యున్నది.

1954లో ఢిల్లీలో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము ఉద్యోగుల భార్యలకును వర్తించును. వెల్‌నెస్ కేంద్రమున స్త్రీ వైద్యురాలిని చూడవలెనని అడుగుటలో తప్పు లేదు. చీటీ వ్రాయుట అలవాటైన యిల్లాలు మానవలదు. ఏడాదిలో ఎన్నిసారులు వచ్చెను, ఏయే నెలలలో, ఏయే మందులు ఎన్ని దినములు వాడెను, గర్భమున్నదా, రక్తములోని చక్కెర ఎప్పుడు చూపించుకొనెను, ఇవి వ్రాయవలెను. అయితే ఈ చీటీని భర్త చేతికి గాక, తన చేతితోనే వైద్యురాలి బల్లపై పెట్టవలెను.