చిరకాలము నిలిచిన గొలుసు ట్రాక్టరు



గొలుసు ట్రాక్టరు డెల్టా నేలకొరకే పుట్టినదని చెప్పవచ్చును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, స్టాక్టన్ పట్టణము చెంత, నదుల నడుమ మిక్కిలి మెత్తని నేల కలదు. అచట చక్రముల బండ్లు దిగబడుచుండగా, 1904లో బెంజమిన్ హోల్ట్ అను యంత్రనిర్మాత ఆవిరి ట్రాక్టరుకు చక్రములు తీసివైచి, చెక్కపలకలు కూర్చిన గొలుసులను అమర్చి పరీక్షించెను. బరువు వెడల్పుగా పరచుకొనుటచే యంత్రము దిగబడలేదు. మన నల్లరేగడిలోను ఈ యంత్రమునకు గల బలము అదియే.

భూమి చదును చేసి, గట్లు వేసి, పిదప ఏండ్లతరబడి పాకలో నిలిచిపోయిన ఇట్టి డీజిలు ట్రాక్టరు మీ ఇంట నున్నదనుకొందము. దానిని తిరిగి నడిపించుట సాధ్యమే. కాని వెంటనే బ్యాటరీ తగిలించి మీట నొక్కరాదు. పదేండ్లలో చెడనిది ఆ ఒక్క నిమిషమున చెడవచ్చును.

కారణము నీరు. మూతలేని పొగగొట్టమున దిగిన వాననీరు సిలిండరులో నిలువవచ్చును. నీరు గాలివలె అణగదు. ఇంజనును బలముగా త్రిప్పినచో కనెక్టింగు రాడ్డు వంగును. కావున మొదట ఇంజను అడుగున నున్న బిరడాను కొంచెము వదులుచేసి చూడుడు. నీరు నూనెకంటె బరువైనది. ఉన్నచో అదియే ముందు వెలికి వచ్చును. పాత నూనెనంతయు తీసివేయుడు.

పిదప నాజిళ్లను విప్పి, సిలిండరులలో పలుచని నూనె కొంచెము పోసి రెండు మూడు దినములు ఆగుడు. అటుపై ఇంజనును చేతితో మెల్లగా రెండు పూర్తి చుట్లు త్రిప్పుడు. కదలనిచో మరల నూనె పోయుడు. గడ్డపారతో మొండిగా పెకలింపకుడు.

డీజిలు తొట్టి కడిగి, ఫిల్టరులు మార్చి, గొట్టములలోని గాలిని తీసివేయవలెను. ఇంధనపు పంపులోని కడ్డీ తుప్పుచే బిగిసియున్నచో ఇంజను అదుపు తప్పి వేగము పెంచుకొనును. కనుక ఆ కడ్డీ సులువుగా కదలుచున్నదని చూచుకొనక నడిపింపరాదు. పనిముట్లు లేనివారు పంపును, నాజిళ్లను విజయవాడ ఆటోనగరునందలి పనివారికి చూపుట మేలు. తొలిసారి నడుపునపుడు, గాలి పీల్చు గొట్టమును మూయుటకు మందపు పలక సిద్ధముగా నుంచుకొనుడు. చేయి మాత్రము అడ్డుపెట్టకుడు.

క్రొత్త నూనె, రేడియేటరులో నీరు పోసిన పిదపనే ఇంజను నడుపవలెను. అర నిమిషములో నూనె ఒత్తిడి ముల్లు లేవనిచో వెంటనే ఆపుడు.

ఇంజను మ్రోగినంతనే పని ముగియలేదు. ఈ ట్రాక్టరులో ప్రతి గొలుసునకు వేరు క్లచ్చి కలదు. ఎడమకు తిరుగుటకు ఎడమ క్లచ్చిని విడిపింపవలెను. తేమ తగిలిన క్లచ్చి పలకలు తుప్పుచే అతుకుకొనును; అపుడు మీట లాగినను బండి తిరుగదు, నేరుగానే పోవును. అందుచే తొలి నడక కాలువగట్టుమీద కూడదు. పిల్లలు లేని విశాలమైన బీడునందే కావలెను. బ్రేకులు పనిచేయుట ముందే చూడుడు. గొలుసుల సందులలో రాయివలె గట్టిపడిన రేగడిని పారతో తీసివేయుడు.

ఈ పనికి ఒక వారము పట్టినను నష్టము లేదు. తొందరచే పగిలిన పాత ఇంజనుకు భాగములు దొరకుట కష్టము. గట్టు దాటిన బండి క్రింద పడిన ప్రాణము తిరిగి రాదు.