చందమామ మీది దుమ్ము

చంద్రుడి మీద ఎక్కడ కాలు పెట్టినా ముందు తగిలేది దుమ్మే. శాస్త్రజ్ఞులు దాన్ని రెగోలిత్ అంటారు. వందల కోట్ల ఏళ్లుగా ఉల్కలు వచ్చి పడి, రాళ్లను కొట్టి కొట్టి పిండి చేశాయి. నల్లటి మైదానాల్లో ఈ పొర మందం 4, 5 మీటర్లు; మెట్ట ప్రాంతాల్లో 10 మీటర్ల పైమాటే. గాలీ నీరూ లేవు కనుక రేణువుల అంచులు అరగవు, పగిలిన గాజులా కోస్తాయి. 1972లో అపోలో 17లో వెళ్లిన హారిసన్ ష్మిట్‌కు ఈ దుమ్ము పీల్చి ముక్కు దిబ్బడ వేసింది. వాసనేమో కాల్చిన తుపాకి మందుదట!

మన శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3, 2023 ఆగస్టులో ఈ దుమ్ములోకి ఉష్ణమాపకాన్ని దించింది. పైన 50 డిగ్రీల వేడి. 8 సెంటీమీటర్ల లోతున మైనస్ 10. అంటే ఈ దుమ్ము వేడిని లోపలికి దిగనివ్వదు. రేపు అక్కడ ఇల్లు కట్టేవాళ్లకు దీనికన్నా మంచి కప్పు దొరకదు.