హవల్దారు గారి మూడెకరాలు
(సంస్మరణ సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగం)



హవల్దారు గారు మన సభలకు తప్పకుండా వచ్చేవారు, వేదిక మాత్రం ఎక్కేవారు కాదు. 1971 డిసెంబరు యుద్ధంలో ఉన్నారని మనలో చాలామందికి ఆయన పోయాకే తెలిసింది. అడిగితే కందికి పట్టిన పురుగు గురించి చెప్పేవారు.

మాజీ సైనికుడిగా ఆయనకు దక్కింది మూడెకరాల రాళ్ల మెట్ట. ఆ రాళ్లు ఏరి గట్లు పోసింది ఆలుమగలిద్దరూ. ఆమెకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక పొద్దున్నే నూనె రాసి, కాఫీ కాచి ఇచ్చాకే ఆయన పొలానికి కదిలేవారు. ఊళ్లో నవ్వినవాళ్లూ ఉన్నారు. పటాలంలో ఉన్నన్నాళ్లూ ఏడాదికి రెండు నెలలే ఇంట్లో ఉన్నాననీ, ఆ బాకీ తీరుస్తున్నాననీ అనేవారు.

కొడుకుతో సమానంగా ఇద్దరు కూతుళ్లకూ తలా ఎకరం రాసివ్వాలన్నది ఆయన పట్టు. అక్కడే చిక్కు వచ్చింది. అసైన్డ్ భూమి చేతులు మారకూడదన్న 1977 చట్టం పేదల మేలుకే వచ్చింది, దాన్ని మనమూ సమర్థిస్తాం. కానీ మాజీ సైనికులకు పదేళ్ల తర్వాత అమ్ముకునే వీలిస్తూ ప్రభుత్వ ఉత్తర్వులున్నాయి. అయినా ఆయన సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలోంచి కదల్లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, డిశ్చార్జి పుస్తకం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఎన్నేళ్లు తిరిగారో మీరంతా చూశారు.

ఆ కవరు ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వడానికి ఆమె వెంట మనం వెళ్తున్నాం. ఇదే చిక్కున్న మాజీ సైనికుల కుటుంబాలు పట్టా, డిశ్చార్జి పుస్తకం నకళ్లతో రండి. ఉదయం తొమ్మిదికి సంఘం ఆఫీసు దగ్గర బయల్దేరదాం.