చెట్టు లెక్క, నాలుక లెక్క

(సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాసం)



ప్రతాపరెడ్డిగారి గురించి ఈ నేలమీద పరిచయ వాక్యాలు అక్కర్లేదు. 'గోలకొండ' పత్రిక, గోలకొండ కవుల సంచిక, 1930 నాటి జోగిపేట మహాసభ మీ అందరికీ తెలిసినవే. నాకు దారి చూపింది 1949 నాటి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. రాజుల వంశవృక్షాలను పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని కావ్యాలన్నీ గాలించిన పుస్తకం అది. ఆ దారినే పోయి, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో కల్లు రుచి చూసి మంచిచెడ్డలు తేల్చినవాళ్ల చరిత్ర ఏరుకున్నాను. ఈ రోజు చెప్పబోయేది అదే.

ప్రాచీనకాలాన్ని తొందరగా దాటేస్తాను. కౌటిల్యుడు సురాధ్యక్షుణ్ని పెట్టి మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని రకాలు చెప్పాడు. మనువు గౌడి, పైష్టి, మాధ్వి అని మూడు లెక్కపెట్టి ద్విజోత్తములకు మూడూ వద్దన్నాడు. ఓరుగల్లు వీధుల సంగతి క్రీడాభిరామం కావ్యంలో ఉండనే ఉంది. సంస్థానాల కాలం నుంచి మనకు పద్యాలు చాలా దక్కాయి, కల్లు సంగతులు మాత్రం తక్కువ.

నా అసలు కథ ఆబ్కారీతో, అంటే మద్యం పన్నుతో, మొదలవుతుంది. 1853లో మొదటి సాలార్‌జంగ్ దివాన్ అయ్యాక నిజాం రాజ్యంలో పన్నుల వసూలుకు ఒక పద్ధతి వచ్చింది. క్రమంగా ఆబ్కారీ ఖజానాకు పెద్ద ఆదాయమైంది. కల్లు గుత్తలు వేలంలో పోయేవి. గీసే చెట్టుకు రఖం, అంటే చెట్టు పన్ను, కట్టాలి. సర్కారు చూసేది చెట్లెన్ని, గుత్త ఎంతకు పోయింది అన్నది. ఆ చెట్టు కల్లు ఎట్లా ఉందో దఫ్తర్‌లో ఎవరికీ పట్టలేదు.

దీనివల్ల రుచికి ఏం నష్టమో గీత ఎరిగినవాళ్లకు తెలుసు. ఈతచెట్టును కొన్నాళ్లు గీసి, కొన్నాళ్లు విడిచిపెట్టాలి. విడిచిన చెట్టు చలికాలంలో చిక్కని తీపి కల్లు ఇస్తుంది. రఖం కట్టినవాడికి మాత్రం విడిచిన ప్రతిరోజూ నష్టమే. తాటిచెట్టు సంగతి వేరు. పోతుతాడు (మగచెట్టు), పండుతాడు (ఆడచెట్టు) ఒకే కాలంలో ఒకే తీరుగా పారవు. గుత్తదారు అన్ని లొట్లూ ఒకే కుండలో గుమ్మరిస్తే ఆ తేడాలన్నీ ఆ కుండలోనే పోతాయి. సర్కారు చెట్లను లెక్కపెట్టడం నేర్చింది, నాలుక చెప్పేది వినలేదు. ఇన్నేళ్ల పరిశోధనలో నేను తేల్చుకున్నది ఇదే.

ఆ నాలుక ఎట్లాంటిదో ఒక్కసారి దగ్గరగా చూపిస్తాను. కొల్లాపూర్ పక్క ఈతవనంలో ఒక పెద్దాయన నా ముందే రుచి చూశాడు. లొట్టి మూతికి ముక్కు ఆనించి ఒక్క పీల్పు పీల్చాడు. పైన తేలే చీమలను ఊదేసి, ఆకు దొప్ప రేకలో రెండు గుక్కలంత వంచుకున్నాడు. ముందు నురుగు చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని పొంగు చప్పుడు విన్నాడు. తర్వాతే నోట్లో పోసుకుని, కాసేపు నాలుక మీద ఆడించి ఉమ్మేశాడు. "పొద్దుగాలదే సారు. లొట్టి సరిగ్గ కడగలే. చెట్టు మంచిదే," అన్నాడు. వేళ, పాత్ర, చెట్టు మూడింటినీ అంత చిన్న తీర్పులో విడదీశాడు. పులుపు లొట్టిదే, చెట్టుది కాదని చెప్పగల నాలుక అది.

ఇక్కడ కొందరు చరిత్రకారులతో నాకున్న పాత తగవు చెప్పకుండా ముందుకు పోలేను. వాళ్లంటారు: రుచి చూసి తూకం వేయడం తీరికున్నవాళ్ల పని, సీమదొరలతో వచ్చిన అలవాటు, మనవాళ్లు అలసట తీరడానికి, మత్తుకోసం తాగారు, అంతే. సాక్ష్యం అడిగితే, ఆబ్కారీ కాగితాల్లో రుచి మాటే లేదుగా అంటారు.

మొదటిమాటకు జవాబు మన ఊళ్లలోనే ఉంది. రోజూ వాడిక పెట్టుకుని ఒకే చెట్టు కల్లు తాగే మనిషికి, ఆ చెట్టు నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత మారిందో తెలుస్తుంది. పండుగకొకసారి తాగేవాడికి తెలియదు. వాగు ఒడ్డు ఈతకూ చెలక గట్టు ఈతకూ తేడా చెప్పినవాళ్లు పొద్దంతా నాగలి పట్టినవాళ్లే.

రెండోమాటకు, అంటే కాగితాల సాక్ష్యానికి, స్కాట్లండ్ దాకా పోవాలి. అక్కడి సింగిల్ మాల్ట్ విస్కీని రుచిశాస్త్రానికి శిఖరమంటారు. ఒకే బట్టీలో, మొలకెత్తించిన బార్లీతో, కుండల్లో వండి, ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉంచాలన్నది అక్కడి చట్టం. మంచిదే. కానీ 1780లలో అక్కడి పల్లపు ప్రాంతంలో పన్ను విస్కీ మీద కాక బట్టీ కుండ పరిమాణం మీద వేశారు. వండేవాళ్లు ఏం చేశారు? కుండను వెడల్పుగా, లోతు తక్కువగా మార్చి, రోజుకు ఎన్నోసార్లు హడావుడిగా దించారు. ఘాటు తప్ప రుచి లేని సరుకు వచ్చింది. 1823 చట్టం పన్ను తీరు మార్చాక, 1824లో జార్జ్ స్మిత్ గ్లెన్‌లివెట్‌లో లైసెన్సు తీసుకున్నాడు. ఆ 1780ల నాటి లైసెన్సు పుస్తకాలు మాత్రమే చదివినవాడు, స్కాట్లండ్ జనానికి నాలుకే లేదని రాస్తాడు. మన ఆబ్కారీ ఫైళ్లు చదివి మన గురించి వీళ్లు రాస్తున్నది అదే! కాగితం రాసిపెట్టేది పైసలు వచ్చే సంగతిని.

మార్కులు వేయలేదు కాబట్టి రుచి చూడలేదని కూడా అంటారు. మాల్ట్‌లకు నూటికి మార్కులు వేసిన విస్కీ రచయిత మైకేల్ జాక్సన్ పుస్తకం 1989లో వచ్చింది. వాసన, రుచి, ముగింపు, పొందికలకు తలా 25 చొప్పున మరో విస్కీ రచయిత జిమ్ మర్రే వేస్తున్నది 2003 తర్వాతి మాట. అంతకుముందు స్కాట్లండ్ రుచి ఎరగదా? కల్లు నిలవుండదు, దానికీ దీనికీ పోలికేమిటని మరొకాయన అడిగారు. నిలవుండదు కనుకే ఈ నాలుక ఇంకా చురుకుగా ఉండాలి. అక్కడ ఏండ్ల లెక్క, ఇక్కడ గడియల లెక్క. సున్నం పూసిన లొట్టిలో పులియని నీరాగా ఉండేది, సున్నం లేని లొట్టిలో చెట్టు మీదనే పొంగడం మొదలుపెడుతుంది. మాపటికి ఘాటెక్కుతుంది, తెల్లారితే పులుపు.

సభాధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. మిగిలింది త్వరగా చెబుతాను.

అమ్రాబాద్ చెంచుల ఇప్పసారా ఒక ఉపన్యాసమంత విషయం, వదిలేస్తున్నాను. 1947లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ పిలుపు మీద, నిజాం ఆదాయం దెబ్బతినాలని ఈత, తాటి చెట్లు నరికారు. ఆ పోరాటం మీద నాకు గౌరవమే, కానీ చెట్టును రఖంగా చూడడం అప్పటికి సర్కారు ఒక్కదానికే కాదు, దాన్ని ఎదిరించినవాళ్లకూ అలవాటైంది. తర్వాత సారా ప్యాకెట్లు, దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు.

కల్లు అమ్మే కాంపౌండ్లకు మాత్రం ఒక్క నిమిషం ఇవ్వాలి. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపిన కల్లు పాలమూరును పట్టి పీడించింది. అది ఆగిన రోజున మనుషులు వణుకుతూ, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. రుచి ఎరిగిన ఊళ్లో ఆ కల్లు మొదటి రేకకే పట్టుబడేది. చెట్టును ఎరగని కాంపౌండ్‌లో ఎవరు పట్టుకుంటారు?

మళ్లీ మార్కుల సంగతికి వస్తే, బెంగళూరు అమృత్ బట్టీ తన సింగిల్ మాల్ట్‌ను 2004లో గ్లాస్గోలో విడుదల చేస్తే, దాని ఫ్యూజన్‌కు 2010 నాటి పుస్తకంలో మర్రే 97 మార్కులు వేశాడు. ఇక్కడ 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం ఇవ్వడం మొదలైంది. చెట్టు మీంచి పడి చచ్చిపోయే బతుకుకు అది ఎప్పుడో రావాల్సింది.

మూడు జిల్లాల గీత పెద్దల మాటలు నేను రికార్డు చేస్తున్నాను. ఏ చెట్టు, ఏ గట్టు, ఏ కార్తెలో ఏ రుచి అన్నది వాళ్ల నోటితోనే ఉండాలి. గీత మానేసిన తాతలు, లొట్లు మోసి అమ్మిన అవ్వలు మీ ఊళ్లో ఉంటే సభ అయ్యాక నా దగ్గరికి వచ్చి ఊరిపేరు చెప్పండి. అలంపూర్ వైపు నాకింకా ఎవరూ దొరకలేదు.