వయ్యారిభామను ఎరువుగా మార్చుదము



అగళి చేలగట్లపై తెల్లపూలతో కనబడు వయ్యారిభామ మన దేశమున 1955లో పుణెలో తొలుత గుర్తింపబడినది. తాకినవారికి దురద, పుప్పొడి పీల్చినవారికి ఉబ్బసము కలిగించు ఈ కలుపును సయితము మనము ఎరువుగా మార్చుకొనవచ్చును.

అయితే పూత రాకమునుపే, చేతికి తొడుగులు వేసుకొని, వేళ్లతో పెరుకవలెను. ఒక్కొక్క మొక్క వేలకొలది విత్తనములనిచ్చును. పూచిన మొక్కను గుంటలో వేసి, అందు వేడి చాలనిచో, చావని విత్తనములు ఎరువుతోబాటు ప్రతి చేనికిని చేరును.

నీరు నిలువని మెరకను 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతుగల గుంట త్రవ్వవలెను. మొక్కలు, పేడనీళ్లు, మట్టి వరుసలుగా నింపి, పైన పేడమట్టితో మెత్తవలెను. 4, 5 నెలలకు ఎరువు సిద్ధమగును.

ఒకరు పెరికి, పొరుగువారు విడిచినచో శ్రమ వృథా. కావున బంజరు, బాట, బడి ఆవరణలలో ఈ పనిని పంచాయతీయే మొదలిడవలెను. తొలకరి మొలకలు నెలనాళ్లకే పూతకు వచ్చును, ఆలోపే పూనుకొందము.