స్క్రిప్టు దోషములు - రిజిస్ట్రీ దిద్దుబాటు

పాత లెక్కల ప్రోగ్రామును తెఱచినంతనే కొందఱి కంప్యూటరు తెరపై చిన్న పెట్టె యొకటి ప్రత్యక్షమగును. ఈ పుటలోని స్క్రిప్టులో దోషమున్నది, కొనసాగింపవలెనా యని అది ప్రశ్నించును. అవునన్నను మరల వచ్చును, కాదన్నను మరల వచ్చును. పని మాత్రము సాగదు. అట్టివారికి ఉపకరించునని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

స్క్రిప్టు అనగా వెబ్ పుటతోపాటు వచ్చెడి ఆజ్ఞల వరుస. దానిని చదివి నెరవేర్చుట బ్రౌజరు పని. ఆజ్ఞలు క్రొత్తవై, చదువునది పాతదైనచో దోషము తప్పదు. 1995లో వెలువడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునకు 2022 జూన్ 15న మైక్రోసాఫ్టువారు స్వస్తి చెప్పిరి. అయినను దాని యంత్రాంగము విండోస్‌లో నిలిచియే యున్నది. కొన్ని పాత ప్రోగ్రాములు తమలో పుటలను చూపుటకు నేటికిని దానినే వాడుచున్నవి. వేఱుగా చెప్పనిచో అది 2006 నాటి 7వ కూర్పువలెనే ప్రవర్తించును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

విండోస్ తన యేర్పాటులను వ్రాసికొను దస్తరమే రిజిస్ట్రీ. రెజ్ఎడిట్ అను ప్రోగ్రాముతో దానిని తెఱువవచ్చును. అందు చేసిన మార్పు తత్క్షణమే స్థిరపడును; వెనుకకు త్రిప్పు మీట లేదు. కావున మార్పబోవు భాగమును ముందుగా ఎక్స్‌పోర్టు చేసి దాచుకొనవలెను.

పిదప హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, మెయిన్, ఫీచర్‌కంట్రోల్ అను క్రమమున దిగి, ఫీచర్_బ్రౌజర్_ఎమ్యులేషన్ అను కీని చేరవలెను. లేనిచో సృష్టింపవలెను. అందు మన ప్రోగ్రాము ఫైలు పేరు, చివరి ఈఎక్స్ఈతో సహా, ఒక డీవర్డుగా చేర్చి, 11000 అను విలువ నీయవలెను. దశాంశ పద్ధతిని ఎన్నుకొనుట మఱువరాదు. షోడశాంశమున వ్రాసినచో అది 69632 అగును, ఫలితముండదు. ప్రోగ్రామును మూసి తెఱచినచో 11వ కూర్పు పద్ధతిలో పుట కనబడును. గుణము కనబడనిచో చేర్చిన విలువను తొలగించిన చాలును.

ఆ పెట్టెయే రాకుండ చేయు విలువలును రిజిస్ట్రీలో కలవు. కాని పుట్టమీద కొట్టిన పాము చచ్చునా? స్క్రిప్టు నడుమ ఆగి, మొత్తము తప్పుగా పడినను మనకు తెలియకపోవును. లెక్కలు వ్రాయువారికి అది పెట్టెకన్న పెద్ద కీడు.

స్క్రిప్టే తప్పుగా వ్రాయబడినచో రిజిస్ట్రీ ఏమియు చేయజాలదు. అప్పుడు పెట్టెలో చూపిన పంక్తి సంఖ్యను, దోషము పేరును వ్రాసికొని ప్రోగ్రాము కర్తలకు తెలియజేయుటయే మార్గము.